టార్గెట్ పిస్టల్ మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) రౌండ్లు, అంటే తూటాలు, వాడే సెమీ ఆటోమేటిక్ టార్గెట్ పిస్టళ్ల గురించి. 25 మీటర్ల పోటీల్లో ఎక్కువగా వాడేవి ఇవే. వీటిలో దాదాపు అన్నీ బ్లోబ్యాక్ పద్ధతిలో పనిచేస్తాయి. రౌండ్ పేలగానే పుట్టే గ్యాస్ ఖాళీ కేసును (మందు ఉండే ఇత్తడి గొట్టం) వెనక్కి తోస్తుంది, ఆ కేసు బోల్టును (బ్యారెల్‌ను వెనక మూసే లోహపు దిమ్మ) తోస్తుంది. బోల్టును పట్టి ఉంచే తాళం అంటూ ఏదీ ఉండదు. దాని బరువు, వెనకున్న స్ప్రింగ్, అంతే. ఈ సంగతి గుర్తుంటే కింది జవాబుల్లో సగం మీకే తడతాయి.

పిస్టల్ మధ్యలో ఆగిపోయింది. ముందు ఏం చేయాలి?

చేతులు కదపకండి. వేలు ట్రిగ్గర్ మీంచి తీసేయండి, బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచండి, కనీసం 30 సెకన్లు ఆగండి. మీ రేంజ్ నియమం ఇంకా ఎక్కువసేపు ఆగమంటే అదే పాటించండి. పేలలేదనుకున్న రౌండ్ ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. అరుదే కానీ, ఆ ఒక్కసారి బ్యారెల్ ఎటు చూస్తోందన్నదే లెక్క.

ఈలోగా కళ్లకు పని చెప్పండి. బోల్ట్ ఎక్కడ ఆగింది? పూర్తిగా మూసుకుందా, సగంలో ఉందా? కేసు బయటికి ఎగిరే కిటికీలోంచి ఏం కనబడుతోంది, ఇత్తడి కేసా, సీసపు బుల్లెట్ కొసా? ఇవన్నీ చూశాకే మ్యాగజైన్ (రౌండ్లు నింపే పెట్టె) తీయాలి, ఆ తర్వాతే బోల్ట్ లాగాలి. మ్యాగజైన్ తీయకుండా బోల్ట్ లాగితే ఇంకో రౌండ్ ఎక్కి కూర్చుంటుంది.

చాలామంది అలవాటుగా టక్కున బోల్ట్ లాగి పడేస్తారు. రౌండ్‌తో పాటు ఆధారం కూడా నేలపాలవుతుంది. తర్వాత వచ్చి "ఎందుకు జామ్ అవుతోంది?" అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఇది ఏ రకం జామో ఎలా పోల్చుకోవాలి?

బోల్ట్ పూర్తిగా మూసి ఉండి, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంటే అది మిస్‌ఫైర్. బోల్ట్ ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే రౌండ్ లోపలికి పూర్తిగా దిగలేదు. బోల్ట్ సగంలో ఆగి, బుల్లెట్ కొస ఎక్కడో గుచ్చుకుని ఉంటే రౌండ్ ఎక్కడంలో తేడా. ఖాళీ కేసు కిటికీలో నిలువునా ఇరుక్కుంటే కేసు బయటికి పోవడంలో తేడా. ఛాంబర్లోనే (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే చోటు) కేసు ఉండిపోయి, దాని వెనక ఇంకో రౌండ్ వచ్చి గుద్దుకుంటే కేసు ఊడిరావడంలో తేడా.

పేర్లు బట్టీపట్టక్కర్లేదు. చూసింది చూసినట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి: ఏ మ్యాగజైన్, ఎన్నో రౌండ్, ఏ లాట్ (ఒకేసారి తయారైన బ్యాచ్) అమ్యునిషన్, బోల్ట్ ఎక్కడ ఆగింది. కొన్ని పేజీలు నిండాక తిరగేస్తే కారణం దాదాపు ప్రతిసారీ అక్కడే కనబడుతుంది.

టిక్కుమంది, పేలలేదు. తప్పు రౌండ్‌దా, పిస్టల్‌దా?

ఆ రౌండ్‌నే అడగండి. బయటికి తీశాక వెలుతురులో దాని అడుగు చూడండి. .22లో అంటుకునే మందు మధ్యలో ఉండదు, అడుగు అంచు లోపల చుట్టూ పరిచి ఉంటుంది. ఫైరింగ్ పిన్ కొట్టేది ఆ అంచునే. కింద పడిన ఖాళీ కేసుల్లో మీ పిస్టల్‌వే రెండు మూడు ఏరి, వాటి గాటునీ దీని గాటునీ పక్కపక్కన పెట్టి పోల్చండి.

గాటు రెండింటిలోనూ ఒకే లోతుగా ఉంటే పిస్టల్ తన పని తాను చేసింది. ఆ చోట మందు సరిగా పరుచుకోలేదన్నమాట. రేంజ్ ఒప్పుకుంటే ఆ రౌండ్‌ను కాస్త తిప్పి, గాటు పడని వైపు పిన్ తగిలేలా పెట్టి మళ్లీ ప్రయత్నించవచ్చు. అప్పుడు పేలితే రౌండ్‌దే లోపమని తేలిపోయినట్టే. ఒక డబ్బాలో ఒకటి ఇలా అయితే పట్టించుకోనక్కర్లేదు, తరచూ అవుతుంటే ఆ లాట్ మార్చేయండి.

గాటు పైపైన మాత్రమే పడి ఉంటే మూడు కారణాలు చూడాలి. ఫైరింగ్ పిన్ కదిలే దారిలో ముదిరిన గ్రీజు ఒకటి. అలసిపోయిన స్ప్రింగ్ రెండోది. మూడోది ఎవరూ అనుమానించరు కానీ నా లెక్కలో అదే ఎక్కువ: బోల్ట్ పూర్తిగా మూసుకోకపోవడం. రౌండ్ చివరిదాకా దిగకపోతే పిన్ దెబ్బలో సగం శక్తి దాన్ని ముందుకు తోయడానికే ఖర్చవుతుంది. మొదటి దెబ్బకు దిగుతుంది, రెండో దెబ్బకు పేలుతుంది. "రెండోసారి నొక్కితే ప్రతిసారీ పేలుతోంది" అని ఎవరైనా అంటే స్ప్రింగ్ కొనేలోపు ఛాంబర్ శుభ్రం చేసి చూడమనండి.

సౌండ్ తేడాగా వచ్చింది, కానీ ఏదో పేలింది. కొనసాగించవచ్చా?

వద్దు. "టప్" బదులు "టుస్" అని వినబడినా, చేతికి కుదుపు తెలియకపోయినా, టార్గెట్ మీద రంధ్రం లేకపోయినా వెంటనే ఆపండి. బుల్లెట్ బ్యారెల్లోనే ఉండిపోయి ఉండవచ్చు. దాని వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బిపోతుంది, ఇక దానికి రిపేరు లేదు, మార్చడమే. పిస్టల్ పూర్తిగా ఖాళీ చేసి, ఛాంబర్ ఖాళీ అని కళ్లతో చూసి, సన్నని క్లీనింగ్ రాడ్ బ్యారెల్లోకి దూర్చి దారి ఉందో లేదో చూడాలి. ర్యాపిడ్ సిరీస్ (కొద్ది సెకన్లలోనే షాట్లు కాల్చాల్సిన విడత) ఒత్తిడిలో ఈ తేడా చెవిన పడినా మనసుకు ఎక్కదు. అందుకే శిక్షణలోనే మీ పిస్టల్ మామూలు శబ్దం ఎలా ఉంటుందో చెవికి అలవాటు కావాలి.

ఖాళీ కేసు కిటికీలో నిలువుగా ఇరుక్కుంటోంది. ఎందుకు?

బోల్ట్ వెనక్కి రావాల్సినంత దూరం, రావాల్సినంత వేగంతో రాలేదు. ఎజెక్టర్ కేసును తన్నేంత బలం లేకుండానే బోల్ట్ ముందుకు తిరిగి వచ్చేసింది. కాబట్టి ప్రశ్న ఏమిటంటే, ఆ శక్తి ఎక్కడ పోతోంది?

ముందు అమ్యునిషన్ చూడండి. కొన్ని సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లే) రౌండ్లు బోల్ట్‌యాక్షన్ (బోల్ట్ చేత్తో లాగే) రైఫిల్ కోసమే చేసినవి, పిస్టల్ బోల్టును వెనక్కి తోయడానికి వాటి బలం చాలదు. తర్వాత మురికి. బోల్ట్ జారే పట్టాల మీద మసీ నూనే కలిసి ముద్దయితే అదే బ్రేకు వేస్తుంది. తర్వాత మీ చెయ్యి. పట్టు వదులుగా ఉండి మణికట్టు వెనక్కి వంగిపోతే పిస్టల్ మొత్తం బోల్టుతో పాటే కదులుతుంది, అప్పుడు స్ప్రింగ్ నొక్కుకోవాల్సినంత నొక్కుకోదు. సిరీస్ మొదటి షాట్లలో బాగుండి, అలసిపోయాక నాలుగో ఐదో షాట్‌లో ఇరుక్కుంటే చేతిని అనుమానించండి. అదే పిస్టల్, అదే మ్యాగజైన్ ఇంకో షూటర్ చేతికి ఇచ్చి చూస్తే తేలిపోతుంది.

ఖాళీ కేసులు ఎక్కడ పడుతున్నాయో గమనించడం మంచి అలవాటు. రోజూ ఒకేచోట కుప్పగా పడేవి ఇవాళ కాళ్ల దగ్గరే రాలుతుంటే శక్తి తగ్గుతోంది. మామూలుకంటే దూరంగా ఎగిరి పడుతుంటే రీకాయిల్ స్ప్రింగ్ (బోల్ట్ వెనకుండే స్ప్రింగ్) మెత్తబడింది, లేదా రౌండ్ మరీ ఘాటుగా ఉంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, ఒకటి నెత్తి మీదకు ఎగురుతుంటే ఎక్స్‌ట్రాక్టర్ (కేసు అంచును పట్టే కొక్కెం) పట్టు సడలింది.

పైన రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) బిగించాక ఈ సమస్య మొదలైతే ఎక్కువ ఆలోచించకండి. కేసు ఎగిరే దారికి మౌంట్ అడ్డం వస్తూ ఉండవచ్చు. మౌంట్ కింద ఇత్తడి రంగు చారలు ఉంటాయి, చూడండి.

ఎక్స్‌ట్రాక్టర్ కొత్తది వేయించాను. అయినా కేసు ఛాంబర్లోనే ఉండిపోతోంది. డబ్బు దండగేనా?

దాదాపుగా. బ్లోబ్యాక్ .22లో పేలిన కేసును బయటికి తోసేది గ్యాస్. ఎక్స్‌ట్రాక్టర్ ఆ కేసు దారి తప్పకుండా ఎజెక్టర్ దాకా పట్టుకుని ఉంటుంది. అది లేకుండా కూడా కేసులు బయటికొచ్చే పిస్టళ్లున్నాయి. అందుకే పేలిన కేసు ఛాంబర్లో అతుక్కుపోతే ముందు చూడాల్సింది ఛాంబర్ గోడలు.

.22 బుల్లెట్లకు బయట మైనం లాంటి పూత ఉంటుంది. ఆ మైనం, సీసం, మసి కలిసి ఛాంబర్ ముందు భాగంలో గట్టి వలయంలా పేరుకుంటాయి. టార్గెట్ పిస్టళ్ల ఛాంబర్లు ఖచ్చితత్వం కోసం బిగుతుగా చేస్తారు కాబట్టి వాటిలో ఈ వలయం త్వరగా ఇబ్బంది పెడుతుంది. ఎల్ఆర్ ఛాంబర్లో .22 షార్ట్ రౌండ్లు వాడి ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే పొట్టి కేసు ఆగిన చోట నుంచే ఆ మసి మొదలవుతుంది.

ఎక్స్‌ట్రాక్టర్ తప్పా కాదా అని తేల్చుకోవాలంటే పేలని రౌండ్‌తో చూడాలి. రేంజ్‌లో, బ్యారెల్ టార్గెట్ వైపు ఉంచి, ఒక రౌండ్ ఎక్కించి బోల్ట్ చేత్తో లాగండి. అక్కడ గ్యాస్ సాయం లేదు కాబట్టి ఎక్స్‌ట్రాక్టర్ ఒక్కటే లాగాలి. ఎన్నిసార్లు లాగినా రౌండ్ శుభ్రంగా వస్తే దాని జోలికి పోకండి. జారిపోతుంటే దాని కొక్కెం కింద చెత్త తీసి మళ్లీ చూడండి, ఆ తర్వాతే కొత్తది.

కొత్త రౌండ్ ఎక్కట్లేదు. మ్యాగజైనా, ర్యాంపా?

బుల్లెట్ కొస ఎక్కడ గుచ్చుకుందో అదే చెబుతుంది. ర్యాంప్ (రౌండ్ ఛాంబర్లోకి ఎక్కే వాలు) కింద గుచ్చుకుంటే మ్యాగజైన్ పూర్తిగా పైకి కూర్చోలేదు, లేదా దాని స్ప్రింగ్ రౌండ్‌ను సమయానికి పైకి తేలేకపోతోంది. ఛాంబర్ పై అంచుకు కొట్టుకుంటే మ్యాగజైన్ పెదవులు (పైన రౌండ్‌ను పట్టి ఉంచే అంచులు) రౌండ్‌ను తొందరగా వదిలేస్తున్నాయి. సగం దూరం సరిగ్గా వెళ్లి ఆగిపోతే మురికి, లేదా మెత్తబడ్డ రీకాయిల్ స్ప్రింగ్.

బుల్లెట్ మెత్తని సీసం. ఒకసారి గుచ్చుకుని కొస నొక్కుకుపోయిన రౌండ్‌ను మళ్లీ మ్యాగజైన్లో పెట్టకండి. అది మళ్లీ ఇరుక్కుంటుంది, తగిలినా టార్గెట్ మధ్యలోని పది దగ్గర తగలదు.

నా దగ్గర రెండు మ్యాగజైన్లు ఉన్నాయి. తప్పు వాటిదేనని ఎలా తెలుసుకోవాలి?

వాటి అడుగున 1, 2 అని రాయండి. ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. ఒకే నంబరు మ్యాగజైన్‌తోనే జామ్ అవుతుంటే పిస్టల్‌ను వదిలేయండి.

మ్యాగజైన్ కింద పడితే పెదవులు వెంట్రుకవాసి వంగినా చాలు, రౌండ్ దారి మారిపోతుంది. కొత్త మ్యాగజైన్ పక్కన పెట్టి పైనుంచి చూస్తే తేడా కనిపిస్తుంది. ప్లయర్‌తో సరిచేయబోయి పూర్తిగా పాడు చేసినవాళ్లే ఎక్కువ, నా సలహా అయితే కొత్తది కొనమనే.

చివరి రౌండ్ ఒక్కటే ఎక్కకపోతే స్ప్రింగ్ అలసిపోయింది, లేదా లోపలి ఫాలోయర్ (రౌండ్లను పైకి తోసే పలక) పక్కకు ఒరుగుతోంది. మొదటి రౌండ్ ఒక్కటే ఎక్కకపోతే మ్యాగజైన్ నిండుగా ఉండి బిగుసుకుపోతోంది. పోటీలో ఎలాగూ ఐదే నింపుతారు కాబట్టి శిక్షణలోనూ ఐదే నింపండి.

నింపేటప్పుడు ఒక జాగ్రత్త. .22 కేసుకు అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచు వెనక పడితే పైది ముందుకు జారేటప్పుడు కిందిదాన్ని కూడా ఈడుస్తుంది, రెండూ ముడిపడతాయి. ఒక్కో రౌండ్ పెట్టేటప్పుడు పై అంచు ముందుకు ఉందో లేదో చూసుకోండి.

ఏ అమ్యునిషన్ వాడాలి?

మీ పిస్టల్ ఒప్పుకున్నది. ఇది తప్పించుకునే జవాబు కాదు. టార్గెట్ పిస్టళ్లలో చాలావాటి స్ప్రింగులు స్టాండర్డ్ వెలాసిటీ రౌండ్లను దృష్టిలో పెట్టుకుని అమర్చినవి. అవి దాదాపు 2.6 గ్రాముల సీసం బుల్లెట్‌తో, ధ్వని వేగం కంటే కొంచెం తక్కువగా, సెకనుకు 320 నుంచి 330 మీటర్ల మధ్య వెళతాయి. ఈ అంకె రైఫిల్ పొడవు బ్యారెల్లో కొలిచింది, పిస్టల్లో ఇంకా తగ్గుతుంది.

జామ్ అవుతోందని హై వెలాసిటీ రౌండ్లకు మారడం పక్కదారి పట్టడమే. సమస్య మాయమైనట్టే ఉంటుంది, ఎందుకంటే బలంతో మురికిని తోసేస్తున్నారు. కానీ బోల్ట్ వచ్చి వెనక గోడకు గట్టిగా కొట్టుకుంటుంది, బఫర్లు (ఆ దెబ్బను తట్టుకునే మెత్తని దిమ్మలు) నలిగిపోతాయి. తయారీదారు మాన్యువల్ వద్దంటే అసలే వాడకూడదు.

రెండు మూడు రకాలు తెచ్చి, శుభ్రం చేసిన పిస్టల్‌తో ఒక్కోటీ విడిగా కాల్చి చూడండి. నచ్చింది దొరికాక ఆ లాట్ నంబరు రాసుకుని సీజన్‌కు సరిపడా అదే కొనండి. డబ్బా మీద పేరు ఒకటే అయినా లాట్ మారితే ప్రవర్తన మారవచ్చు.

ఎంత తరచుగా శుభ్రం చేయాలి? నూనె ఎంత వేయాలి?

బ్యారెల్ విషయంలో షూటర్లు ఎప్పటికీ ఏకాభిప్రాయానికి రారు, ఆ గొడవలోకి నేను దిగను. ఛాంబర్, బోల్ట్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం, ర్యాంప్, ఈ నాలుగూ మాత్రం ప్రతి శిక్షణ తర్వాత తుడవాలి. రెండు నిమిషాల పని. బ్రష్‌ను వీలైనంతవరకు వెనక నుంచే దూర్చండి. ముందు నుంచి రాడ్ దూరిస్తే బ్యారెల్ మూతి అంచు అరుగుతుంది, గ్రూపులు (షాట్లు ఒకేచోట గుంపుగా పడటం) చెడతాయి.

నూనె విషయంలో పొదుపే మంచిది. బోల్ట్ జారే చోట ఒక్కో చుక్క, వేలితో పులమండి. ఛాంబర్ పొడిగా ఉండాలి, మ్యాగజైన్ లోపల కూడా పొడిగానే. నూనె ఎక్కువైతే మసిని పట్టుకుని ముద్ద చేస్తుంది. "నిన్ననే బాగా నూనె పెట్టానండీ, ఇవాళే మొదలైంది" అని చెప్పేవాళ్లకు జవాబు వాళ్ల మాటలోనే ఉంది.

చలికాలం ఉదయాల్లోనే జామ్ అవుతోంది. ఎండెక్కాక బాగుంటోంది.

చలికి నూనె చిక్కబడుతుంది, బుల్లెట్ల మీది మైనం గట్టిపడుతుంది, రౌండ్ బలం కూడా కొంచెం తగ్గుతుంది. మూడూ ఒకే వైపు లాగుతాయి. పల్చటి నూనె వాడండి, రౌండ్ల డబ్బా షూట్ దాకా కోటు లోపలి జేబులో పెట్టుకోండి.

స్ప్రింగులు, బఫర్లు ఎప్పుడు మార్చాలి?

మాన్యువల్‌లో రాసిన లెక్క ప్రకారం. లెక్క రాసి లేకపోతే కొత్త స్ప్రింగ్ పక్కన పాతది పెట్టి పొడవు చూడండి. స్పష్టంగా పొట్టిగా ఉంటే మార్చేయండి.

బఫర్లను మాత్రం జనం మరచిపోతారు. పార్డిని ఎస్‌పీ వంటి పిస్టళ్లలో రబ్బరువి, బ్రౌనింగ్ బక్‌మార్క్‌లో ప్లాస్టిక్‌ది ఉంటాయి. చితికిన బఫర్ ముక్క బోల్ట్ దారిలో పడి, రోజుల తరబడి అర్థంకాని జామ్‌లు పుట్టిస్తుంది. పిస్టల్ విప్పినప్పుడల్లా ఒక్కసారి గోరుతో నొక్కి చూడండి. పగుళ్లు కనబడినా, పొడిలా రాలినా దాని పని అయిపోయింది.

ఒకసారి నొక్కితే రెండు పేలాయి!

ఆపండి. అక్కడే, ఆ సిరీస్‌లోనే. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, రేంజ్ ఆఫీసర్‌కు చెప్పండి. సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పేలకుండా ఆపే కొక్కెం) పట్టు సరిపోవట్లేదు, లేదా ట్రిగ్గర్ లోపలి భాగాలు అరిగాయి, లేదా ఎవరో స్క్రూలు తిప్పారు. ఇది ఇంట్లో సరిచేసే పని కాదు, గన్‌స్మిత్ చేతికి వెళ్లాల్సిందే. "ఇంకోసారి అవుతుందేమో చూద్దాం" అని మ్యాగజైన్ నింపేవాళ్లను రేంజ్ నుంచి పంపేయాలని నా అభిప్రాయం.

ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 25 మీటర్ల పోటీల్లో ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలి. ఆ అంచు మీద నిలబెట్టాలని చూడకుండా కాస్త పైన ఉంచుకుంటే తనిఖీ టేబుల్ దగ్గర కూడా టెన్షన్ ఉండదు.

ర్యాపిడ్‌లో ట్రిగ్గర్ చచ్చుబడిపోతోంది. ప్రెసిషన్‌లో (తీరిగ్గా గురి చూసి కాల్చే విడత) అంతా బాగుంటోంది.

బహుశా మీరు వేలు పూర్తిగా వదలట్లేదు. ర్యాపిడ్ ఫైర్‌లో చివరి సిరీస్ ఐదు షాట్లకు 4 సెకన్లే. ఆ తొందరలో వేలు సగమే వెనక్కి వస్తుంది, ట్రిగ్గర్ మళ్లీ పట్టుకోదు. ఎవరినైనా పక్క నుంచి మీ వేలు వీడియో తీయమనండి. వేలు సరిగానే ఉంటే ట్రిగ్గర్ స్టాప్ స్క్రూ మరీ లోపలికి బిగించి ఉందేమో, వదులై తిరిగిపోయిందేమో చూపించండి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే ముందు బ్యాటరీ.

చివరి షాట్ తర్వాత బోల్ట్ తెరిచి ఉండట్లేదు.

బొటనవేలు స్లైడ్ స్టాప్ (బోల్ట్‌ను తెరిచి ఆపే మీట) మీద పడుతోందేమో చూడండి. కాకపోతే మ్యాగజైన్ ఫాలోయర్ అరిగింది, లేదా బోల్ట్ పూర్తిగా వెనక్కి రావట్లేదు. కొన్ని మోడళ్లకు ఆ ఏర్పాటే ఉండదు.

పోటీలో జామ్ అయితే పాయింట్లు పోతాయా?

జామ్ తర్వాత మీరు ఏం చేశారన్న దాని మీద ఉంటుంది. పిస్టల్‌ను టార్గెట్ వైపే పట్టుకుని, గ్రిప్ వదలకుండా, ఖాళీ చెయ్యి పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌ను పిలవాలి. ఆయన వచ్చి చూసేలోపు బోల్ట్ గానీ సేఫ్టీ గానీ ముట్టుకుంటే ఆ జామ్ మీ ఖాతాలోకే వెళుతుంది. రౌండ్ పేలకపోవడం, బుల్లెట్ బ్యారెల్లో ఉండిపోవడం, కేసు బయటికి రాకపోవడం, భాగం విరగడం లాంటివి అనుమతించే లోపాలు. సేఫ్టీ తీయకపోవడం, తక్కువ రౌండ్లు నింపడం, మ్యాగజైన్ సరిగా పెట్టకపోవడం, ట్రిగ్గర్ పూర్తిగా వదలకపోవడం షూటర్ తప్పులు. అప్పుడు కాల్చని షాట్లు సున్నాలే. పిస్టల్ సరిచేసుకోవడానికో, ఇంకోటి తెచ్చుకోవడానికో 15 నిమిషాలు ఇస్తారు. ఫైనల్స్‌కు నియమాలు వేరు, ఆ సీజన్ రూల్‌బుక్ చదివి వెళ్లండి.

ఇంట్లో డ్రై ఫైర్ (రౌండ్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేస్తే పిస్టల్ పాడవుతుందా?

.22లో ఆ భయం ఉంది. ఛాంబర్ ఖాళీగా ఉన్నప్పుడు పిన్ కొన్ని పిస్టళ్లలో ఛాంబర్ అంచును కొడుతుంది. అక్కడ చిన్న బొడిపె లేస్తే రౌండ్ దిగదు, కేసు రాదు. ఛాంబర్ అంచు మీద పిన్ తగిలే చోట గోరు నడిపితే తగులుతుంది. ఆకురాయితో గీకకండి, దాన్ని తిరిగి చదును చేసే పనిముట్టు గన్‌స్మిత్ దగ్గర ఉంటుంది. చాలా టార్గెట్ పిస్టళ్లకు డ్రై ఫైర్ కోసం ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది, అది వాడండి. లేకపోతే .22 డమ్మీ రౌండ్లు. ఏది చేసినా అసలు రౌండ్లు వేరే గదిలో ఉండాలి.

గన్‌స్మిత్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

రెండు షాట్లు కలిసి పేలినా, కేసు అడుగున ఉబ్బు గానీ చీలిక గానీ కనబడినా, బ్యారెల్లో ఉంగరం లాంటి నీడ కనబడినా, సేఫ్టీ పట్టకపోయినా ఆ రోజే. మిగతావాటికి ముందు అమ్యునిషన్ మార్చండి, తర్వాత మ్యాగజైన్, తర్వాత శుభ్రం, తర్వాత స్ప్రింగ్. ఒకసారికి ఒక్కటే మార్చండి, అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇవన్నీ అయ్యాక కూడా వదలకపోతే పిస్టల్‌తో పాటు ఆ రెండు మ్యాగజైన్లు, మీరు వాడే రౌండ్ల డబ్బా, ఇరుక్కున్న కేసులు ఒక నాలుగైదు, నోట్‌బుక్ తీసుకెళ్లండి. పిస్టల్ ఒక్కటే ఇస్తే ఆయన తన దగ్గరున్న రౌండ్లతో కాల్చి చూసి "బానే ఉందండీ" అని తిరిగి ఇస్తారు.